చెఱువులో వెలసిన త్యాగరాయనగరము

1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించువఱకును అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల ప్రజలకు రాజధాని చెన్నపట్టణమే. లంకభూముల వివాదము హైకోర్టునకు ఎక్కినను, కుమారుని న్యాయవాదిగా చూడవలెనని తండ్రి తలపోసినను, కాలువ మరమ్మతునకో రేవు బాగుకో మంత్రికి విన్నపము సమర్పింపవలసి వచ్చినను, కోనసీమవాసి ముక్తేశ్వరము రేవున గౌతమిని దాటి కోటిపల్లి చేరియో, కాలువ పడవలో ధవళేశ్వరము వఱకు పోయియో, రాజమహేంద్రవరమున మదరాసు మెయిలు నెక్కి ఆ మహానగరమున దిగుచుండెను. అచ్చట ఏ పేటలో ఎవరు నివసింతురో, ఏ వీథిలో ఏ పని జరుగునో తెలియనిదే ఆతని కార్యము సాగెడిది కాదు. పత్రికలతో పని గలవాడు జార్జిటౌనునకును, పెద్ద వకీలును దర్శింపవలసినవాడు మైలాపూరునకును, చలనచిత్రములలో నటింపవలెననియో పాడవలెననియో ఆశించి వచ్చినవాడు త్యాగరాయనగరమునకును దారి అడుగుచుండెను.

ఈ మూడు పేటల చరిత్ర మన చరిత్రలోని భాగమే యైనను, అందు త్యాగరాయనగరపు కథ విశేషించి తెలిసికొనదగినది. మిగిలిన పేటలు వర్తకమువలననో, దేవాలయమువలననో, న్యాయస్థానమువలననో కాలక్రమమున పెరిగినవి. ఇది మాత్రము ఒక పెద్ద చెఱువును పూడ్చి, తెలుగు ఇంటిభాషగా గల నాయకులు ముందు నిలిచి నడపిన ప్రభుత్వము సంకల్పించి కట్టించిన పేట. రాజధానిలో ఒక పేట గొప్పదగుట ఎట్లు జరుగును, ఆ గొప్పతనమునకు మూల్యము ఎవరు చెల్లింతురు అను ప్రశ్నలకు ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణము మన దరిదాపులలో నాకు కనబడలేదు.

మొదట జార్జిటౌను సంగతి. 1639లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగియగు ఫ్రాన్సిస్ డే సముద్రతీరమున ఇసుకనేలను సంపాదించినది దామెర్ల వేంకటాద్రి నాయకుని అనుమతితోనే. ఆ నాయకుని తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్టణమను పేరు వచ్చినది. కోటకు ఉత్తరమున వర్తకులును, నేతగాండ్రును, దుబాసీలును నివసించిన ప్రదేశమును దొరలు నల్లపట్టణమనిరి. 1746లో ఫ్రెంచివారు నగరమును పట్టుకొని, మూడేండ్ల పిదప తిరిగి యిచ్చిన తరువాత, కోటకు అడ్డముగానున్నదను కారణమున పాత పేట నేలమట్టమై, దానికి ఉత్తరముగా కొత్త పేట వెలసినది. 1911లో ఐదవ జార్జి పట్టాభిషేకమును పురస్కరించుకొని దానికే జార్జిటౌను అను పేరు పెట్టబడినది. తంబు చెట్టి వీథి, లింగి చెట్టి వీథి అను పేర్లు కంపెనీతో వ్యాపారము నెఱపిన వర్తకప్రముఖుల జ్ఞాపకములు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ఆంధ్రపత్రికను 1914లో చెన్నపట్టణమున దినపత్రికగా వెలువరించుటకు పూనుకొన్నప్పుడు దాని కార్యాలయము వెలసినది ఆ తంబు చెట్టి వీథిలోనే. 1924లో ‘భారతి’ మాసపత్రికయు ఆయన చలవచేతనే పుట్టినది.

పదునెనిమిదవ శతాబ్ది చివరిభాగమున, హైదరాలీ గుఱ్ఱపు దళముల భయము తొలగిన తరువాత, దొరలు ఇరుకైన కోటను విడిచి పడమటికిని దక్షిణమునకును నడచిరి. కోటనుండి సెయింటు థామసు కొండకు పోవు మౌంటురోడ్డునకు ఇరుప్రక్కల విశాలమైన తోటలు, వాని నడుమ తెల్లని స్తంభములతో బంగళాలు లేచినవి. నుంగంబాకము, తేనాంపేట ఆనాటి గొప్ప పేటలు. దారి పొడవున హిగ్గిన్‌బాతమ్స్ పుస్తకశాల, స్పెన్సరు అంగడి వంటివి దొరల అవసరములకై వెలసినవి. అట్టి పేటలో నివసించుటకు బండియు గుఱ్ఱములును పరిచారకులును ఉండవలెను గనుక సామాన్యునికి అందు చోటు లేకుండెను. 1895లో విద్యుచ్ఛక్తితో నడచు ట్రాములు వచ్చిన పిమ్మటనే మధ్యతరగతివాడు కార్యాలయమునకు దూరముగా కాపురముండుట సాధ్యమైనది.

మైలాపూరు ప్రాభవము వేఱు విధమైనది. అది ఇంగ్లీషువారికన్న ఎంతయో పూర్వమే కపాలీశ్వరుని ఆలయముతో ప్రసిద్ధి చెందిన ఊరు. 1862లో హైకోర్టు స్థాపితమై, న్యాయవాదవృత్తి స్వదేశీయులకు సంపదను, గౌరవమును తెచ్చిపెట్టిన తరువాత, లజ్ పరిసరములందు వకీళ్ళ మేడలు బారులు తీరినవి. అచ్చటనే నాగేశ్వరరావు పంతులుగారి ‘శ్రీబాగ్’ కలదు. 1937 నవంబరు 16వ తేదీన కోస్తా, రాయలసీమ నాయకులు ఆ ఇంట సమావేశమై, విశ్వవిద్యాలయ కేంద్రములు, నదీజలములు, శాసనసభా స్థానములు, రాజధాని, హైకోర్టు అను విషయములపై చేసికొనిన ఒడంబడికకు ఆ ఇంటి పేరే నిలిచినది. అదే మైలాపూరులో, కాకినాడనుండి వచ్చి మదరాసు శాసనసభకు స్పీకరుగా పనిచేసిన బులుసు సాంబమూర్తిగారి గృహమున పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరశనదీక్ష పూని డిసెంబరు 15న అసువులు బాసిరి. రాజధానిలోని ఏ ఉన్నతమైన పేటలో మన పెద్దలు ఇండ్లు కట్టుకొని స్థిరపడిరో ఆ పేటలోనే, ఆ ఇండ్లలోనే, ఆ రాజధానినుండి మనము విడివడు మార్గము నిర్ణయమైనది. దీనిని తలచుకొన్నప్పుడెల్ల నా మనస్సు బరువెక్కును.

ఇక త్యాగరాయనగరము.

ఈ శతాబ్దికి నూఱేండ్ల వెనుకటి చెన్నపట్టణపు పటమును విప్పి చూచినచో, మౌంటురోడ్డునకు పడమటగా, నుంగంబాకము వైపునుండి మాంబళము మీదుగా దక్షిణమునకు వంగి సాగిన విశాలమైన జలాశయ మొకటి కనబడును. ఇంగ్లీషువారు దానిని లాంగ్ ట్యాంక్ అనిరి. చెంగల్పట్టు సీమలో జీవనది లేదు. ఈశాన్య ఋతుపవనమున కురిసిన వానను కట్టలు వేసి నిలుపుకొని, ఒక చెఱువు నిండి పొర్లిన నీరు దిగువ చెఱువునకు చేరునట్లు ఏర్పఱచుకొని, ఆ నేలపై పూర్వులు పంటలు పండించిరి. ఈ పొడవాటి చెఱువు అట్టి యేర్పాటులో ఒకటి. నగరము పెరిగి పొలములు తరిగినకొలదిని చెఱువునకు రైతు అండ లేకపోయినది. నిండిన నెలలకన్న ఎండిన నెలలే కంటికి కనబడుటచే, అది వ్యర్థముగా పడియున్న భూమియను అభిప్రాయము బలపడినది.

ఇంతలో రాజకీయములు మాఱినవి. 1919 నాటి సంస్కరణలననుసరించి రాష్ట్రములలో కొన్ని శాఖలు ప్రజాప్రతినిధులగు మంత్రుల వశమైనవి. 1916లో పిట్టి త్యాగరాయ చెట్టిగారును, డాక్టరు టి.ఎం. నాయరుగారును, డాక్టరు నటేశ మొదలియారుగారును ముందు నిలిచి స్థాపించిన జస్టిస్ పక్షము 1920 ఎన్నికలలో గెలిచెను. త్యాగరాయ చెట్టిగారు తెలుగు మాటలాడు దేవాంగ కుటుంబమునకు చెందినవారు. నగర కార్పొరేషనునకు ఎన్నుకొనబడిన తొలి అధ్యక్షులు. ముఖ్యమంత్రి పదవి ముంగిటికి వచ్చినను ఆయన స్వీకరింపలేదు. సుబ్బరాయలు రెడ్డియారు కొలది నెలలు ఆ పదవి నిర్వహించి అనారోగ్యముచే విరమింపగా, 1921 జూలైలో పానుగంటి రామరాయణింగారు ముఖ్యమంత్రి యైరి. వీరే పానగల్లు రాజా. ఆయన కాళహస్తి సీమవారు. స్థానికస్వపరిపాలనశాఖయు ఆయన చేతిలోనే యుండెను. 1920లో పట్టణనిర్మాణ చట్టము వచ్చియుండెను. చట్టము, మంత్రి, కార్పొరేషను మూడును ఒక్క పక్షమువారి చేతిలో కూడియుండుట అరుదుగా లభించు అవకాశము. 1923 ప్రాంతమున మాంబళపు చెఱువును పూడ్చి నివాసస్థలములుగా చేయు పని మొదలైనది. 1925 ఏప్రిలులో త్యాగరాయ చెట్టిగారు స్వర్గస్థులైరి. కొత్త పేటకు ఆయన పేరు పెట్టబడినది.

ఆ పేట రూపకల్పన నేటికిని మెచ్చుకొనదగినది. నడుమ ఒక ఉద్యానము, దానికి పానగల్లు రాజా పేరు. ఆ ఉద్యానమునొద్దనుండి చక్రపు ఆకులవలె నలుదిక్కులకు సాగిన వెడల్పాటి రహదారులు. తూర్పునకు త్యాగరాయ రోడ్డు, ఈశాన్యమునకు గోపతి నారాయణస్వామి చెట్టి రోడ్డు, ఆగ్నేయమునకు వెంకటనారాయణ రోడ్డు, ఉత్తరదక్షిణములుగా ఉస్మాను రోడ్డు. ఈ ఉస్మానుగారు 1934లో మూడు నెలలు మదరాసునకు తాత్కాలిక గవర్నరుగా పనిచేసిరి. నాయరుగారి పేర ఒక రోడ్డు, నటేశ మొదలియారుగారి పేర ఒక ఉద్యానము, హబీబుల్లాగారి పేర మఱియొక రోడ్డు. ఆనాటి ప్రభుత్వమును నడపిన హిందువులు, మహమ్మదీయులు, తెలుగువారు, తమిళులు, మలయాళీలు అందఱును ఆ వీథులలో ప్రక్కప్రక్కన నిలిచియున్నారు. ఒక రాజకీయపక్షపు చరిత్రను పుస్తకము తెఱవకయే నడచి చదువగల తావు దక్షిణదేశమున ఇట్టిది వేఱొకటి కలదని నేననుకొనను.

స్థలములు గ్రౌండ్ల లెక్కన అమ్మబడినవి. చదరపు టడుగులలో గ్రౌండనగా రెండువేల నాలుగు వందలు. దొరల తోటలవలె ఎకరముల కొలదిని కాక, నాలుగైదు గ్రౌండ్లలో ఇల్లు కట్టి ముంగిట చెట్లు పెంచుకొనగలిగిన ఉద్యోగి, వైద్యుడు, వకీలు, అధ్యాపకుడు ఈ పేటను కోరుకొనిరి. చెఱువడుగున కాపురమేమియని మొదట సందేహించినవారిని కూడ ఆకర్షించినది రైలు. మాంబళము స్టేషను అంతకుముందే యుండెను. 1931లో బీచినుండి తాంబరము వఱకు విద్యుత్తు రైళ్ళు నడువసాగిన తరువాత పేటవాసి కోటకును హైకోర్టునకును సుఖముగా పోయి సాయంకాలమునకు ఇల్లు చేరగలిగెను. అదే రైలుకట్ట పేటకు పొలిమేరయు నైనది. కట్టకు తూర్పున త్యాగరాయనగరము. పడమటి మాంబళము పాత ఊరి ఇరుకు సందులతో, చిన్న జీతగాండ్ర కాపురములతో వేఱుగా నిలిచిపోయినది. రెండింటికిని ఒక్క స్టేషనే, ఒక్క వానయే. కాని స్థలము వెలలో ఎంతో తారతమ్యము.

కంచినుండి వచ్చిన నల్లి చిన్నసామి చెట్టి 1928లో అచ్చట పట్టుచీరల అంగడి తెఱచెను. త్యాగరాయ రోడ్డు వెంబడి లేచిన అంగళ్ళకు పాండీబజారను పేరు వాడుకైనది. మహాత్ముని ప్రేరణచే 1918లో ప్రారంభమైన దక్షిణభారత హిందీ ప్రచార సభ ఆ పేటనే తన కేంద్రముగా చేసికొనగా, మన మోటూరి సత్యనారాయణగారు దానికి చిరకాలము ప్రాణముగా నిలిచిరి. 1945లో చిత్తూరు నాగయ్యగారు త్యాగబ్రహ్మ గానసభను స్థాపించి, దాని ‘వాణీమహలు’ను అచ్చటనే నెలకొల్పిరి. తెరపై త్యాగయ్యగా కన్నీరు పెట్టించిన నటుడు ఆ వాగ్గేయకారుని పేర సంగీతమునకొక శాశ్వతమైన నెలవు కల్పించుటకన్న ఉదాత్తమైన పని ఏమి యుండగలదు?

చలనచిత్రములే ఆ పేటకు రెండవ వైభవమును తెచ్చినవి. పొరుగుననున్న కోడంబాకము, వడపళని ప్రాంతములలో వాహినియు, ఏ.వి.ఎం.ను, వానితోపాటు పెక్కు స్టూడియోలును వెలసిన తరువాత, నటులు, దర్శకులు, కవులు, గాయకులు దగ్గఱనున్న త్యాగరాయనగరమున ఇండ్లు కట్టిరి. నందమూరి తారకరామారావుగారి ఇల్లు బజుల్లా రోడ్డున, సావిత్రిగారి ఇల్లు హబీబుల్లా రోడ్డున ఉండెను. ఘంటసాలవారును ఆ పేటవాసులే. 1963లో వెంపటి చినసత్యముగారు నెలకొల్పిన కూచిపూడి ఆర్ట్ అకాడమీలో దేశదేశముల శిష్యులు అభ్యసించిరి. రాజోలు చెంతనున్న శంకరగుప్తమున 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు తమ జీవితపు ఉత్తరభాగమును గడపి 2016లో పరమపదించినదియు చెన్నపట్టణముననే. రాష్ట్రము విడిపోయినను, తెలుగు పాట పుట్టుటకు, తెలుగు సినిమా తయారగుటకు మఱి మూడు దశాబ్దములు ఆ నగరమే పుట్టినిల్లై యుండెను. ‘మదరాసు మనదే’ యని నినదించి ఆ నగరమును పొందలేకపోయిన తెలుగువారు, అధికారము లేకున్నను కళలచేత అచ్చట నిలిచిరి.

1953లోనే నగరమున ట్రాములు ఆగిపోయినవి. అదే యేట ప్రభుత్వోద్యోగులు కర్నూలునకు తరలిరి. కాని త్యాగరాయనగరపు తెలుగు కాపురములు సన్నగిల్లినది అప్పుడు కాదు. 1970 తరువాత అన్నపూర్ణ మొదలగు స్టూడియోలు హైదరాబాదున లేచి, నటీనటులు ఒక్కరొక్కరుగా బంజారా, జూబిలీ కొండల వైపు తరలినప్పుడు ఆ మార్పు వచ్చినది. తోటలున్న ఇండ్లను కూల్చి అంతస్తుల వస్త్రాలయములు, నగల దుకాణములు కట్టిరి. స్టేషను ప్రక్కనున్న రంగనాథన్ వీథి పండుగ దినములలో కాలు మోపుటకు చోటులేని సంతయైనది. నివసించుటకై ఉద్దేశింపబడిన పేట కొనుటకు వచ్చువారి పేటగా మాఱినది. వీథి పేర్లనుండి కులసూచకములను తొలగించిన పిమ్మట గోపతి నారాయణస్వామి చెట్టిగారి రోడ్డు జీ.ఎన్. రోడ్డుగా మిగిలినది, ఆ రెండక్షరముల వెనుకనున్న మనిషి యెవరో బాటసారికి తెలియు మార్గము పోయినది.

ఇదంతయు మనుష్యుల రాకపోకల కథ. నీటి కథ వేఱుగా నడచినది. చెఱువును పూడ్చిన వారు వానను ఆపలేరు గదా! నుంగంబాకము వైపునుండి త్యాగరాయనగరపు ఇండ్ల వెనుకగా ప్రవహించి నందనము చెంత అడయారు నదిలో కలియు మాంబళపు కాలువయొక్కటే ఆ నీటికి దిక్కు. దాని ఒడ్డులను ఆక్రమించి, గర్భమున చెత్త నింపి, దానిని ఒక మురుగుకాలువగా దిగజార్చిరి. 2015 డిసెంబరు వరదలలో నగరమే మునిగినది. 2021 నవంబరులో కురిసిన వానకు త్యాగరాయనగరపు వీథులు దినముల తరబడి నీటిలో నిలిచినవి. పత్రికలు దానిని ముంపు అని వ్రాసినవి. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైననాటినుండి ప్రతి చేనికి ఒక కాలువ, ప్రతి కాలువకు ఒక మురుగుకోడు ఉండవలెనని ఎఱిగి, కోడు పూడినచో వరి కుళ్ళునని ప్రతి ఆషాఢ శ్రావణములలో అనుభవించుచున్న కోనసీమ రైతునకు ఆ వార్తలో వింత తోచదు. పానగల్లు రాజావంటి సమర్థుడును, పట్టణనిర్మాణశాస్త్రము నెఱిగిన ఇంజనీర్లును అంత చక్కగా రహదారులు గీసిరే కాని, చెఱువు పట్టియుంచిన నీరు ఇకమీదట ఎచ్చట నిలువవలెనో ఆ శ్రద్ధతో గీయలేదు. వారిని తక్కువ చేయుట నా అభిమతము కాదు. వారి కాలమున చెఱువు పూడ్చుట అభివృద్ధియే. మనకట్టి సాకు లేదు. కృష్ణాతీరమున అమరావతికి 2015లో శంకుస్థాపన జరిగినది. ఆ భూముల మీదుగా కొండవీటి వాగు పాఱును. దాని వరదను నదిలోనికి ఎత్తిపోయుటకు ఉండవల్లి యొద్ద 2018లో యంత్రములు నెలకొల్పబడినవి. ఆ నగరమున రాబోవు గొప్ప పేటలు ఏవో నేడు చెప్పలేము గాని, వాగు దారి యేదో అచ్చటి ప్రతి రైతునకును తెలియును. పటము గీయువారు మొదట అడుగవలసినది ఆతనినే.

త్యాగరాయనగరమును చూడగోరువారు మాంబళము స్టేషనులో దిగి, రంగనాథన్ వీథి జనసమ్మర్దమును దాటి ఉస్మాను రోడ్డు పట్టి పోయినచో పానగల్లు ఉద్యానము చేరుదురు. వెంకటనారాయణ రోడ్డున తిరుమల తిరుపతి దేవస్థానమువారి శ్రీనివాసుని కోవెల కలదు, జీ.ఎన్. రోడ్డున వాణీమహలులో డిసెంబరు మాసమంతయు కచేరీలు జరుగును. పాండీబజారున 2019లో కాలిబాటలను విశాలము చేసి, నడచువారికి నీడయు కూర్చుండుటకు ఆసనములును కల్పించిరి. ఉద్యానము చెంత ఇప్పుడు నేలను లోతుగా త్రవ్వి భూగర్భ మెట్రో స్టేషనును కట్టుచున్నారు.